సింహం ఎందుకు ఎదురు తిరగలేదు?

ప్రశ్న:

మా పాపకి తొమ్మిదేళ్లు. రాత్రి పడుకోబోయే ముందు దానికి నార్నియా కథల్లో ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’ చదివి వినిపిస్తున్నాను. అస్లాన్ అనే సింహాన్ని మంత్రగత్తె రాతి బల్ల మీద కట్టేయించి చంపే చోట వెక్కి వెక్కి ఏడ్చింది. “అంత బలమున్న సింహం ఎందుకు ఎదురు తిరగలేదమ్మా?” అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది. ఏం చెప్పాలో తోచక పుస్తకం అక్కడే మూసేశాను. ఈ మాట మా మరిదితో అంటే, “ఆ సింహం యేసుక్రీస్తు వదినా. మాత్రకి బెల్లం పూసి మింగించినట్టు కథ పేరుతో మతం చెబుతున్నారు. ఇక చదవకు” అన్నాడు. మేం క్రైస్తవులం కాము. క్రైస్తవురాలైన నా స్నేహితురాలు సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది. “అసలు అర్థం తెలియకుండా వింటే ఏం లాభం? ఏది దేనికి గుర్తో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పు” అంది. చదవడం ఆపాలా? అర్థం చెప్పాలా? చెబితే ఎప్పుడు? పిల్లల ఫాంటసీ కథలన్నిట్లోనూ ఇలాంటివి ఉంటాయా?

జవాబు:

అన్నిటికన్నా ముందు, ఈ రాత్రే తర్వాతి అధ్యాయం చదవండి. మీరు పుస్తకం మూసింది పద్నాలుగో అధ్యాయం దగ్గర. పాప లెక్కలో అస్లాన్ ఇంకా చచ్చే పడి ఉన్నాడు. పెద్దవాళ్ల వాదన తేలేదాకా తొమ్మిదేళ్ల పిల్లని ఆ రాతి బల్ల దగ్గరే నిలబెట్టి ఉంచడం మంచిది కాదు. పైగా పాప అడుగుతున్న ప్రశ్నకి జవాబు పదిహేనో అధ్యాయంలో అస్లాన్ నోటితోనే వస్తుంది. మీరు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇక మీ ప్రశ్నలకి. చదవడం ఆపకండి. పాప అడగకముందే అర్థాలు విప్పకండి. అడిగిన రోజున మాత్రం దాచకండి. ఎందుకిలా అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

మీ మరిది చెప్పింది వాస్తవమే. అస్లాన్ వెనక యేసుక్రీస్తు ఉన్నాడు. చావుకి ముందు రాత్రి అస్లాన్ దిగులుగా నడుస్తూ, కథలోని అక్కచెల్లెళ్లు సూసన్‌నీ లూసీనీ తన జూలు మీద చేతులు వేసి తోడు రమ్మంటాడు. సిలువ వేయడానికి ముందు, గెత్సేమనే తోటలో యేసు తన శిష్యుల్ని మెలకువగా తనతో ఉండమన్న రాత్రిని ఇది గుర్తుకు తెస్తుంది. మంత్రగత్తె మనుషులు సింహం జూలు గొరిగి, మూతికి చిక్కం కట్టి గేలి చేస్తారు. సైనికులు యేసు తలకి ముళ్ల కిరీటం పెట్టి ఎగతాళి చేశారు. యేసు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర రెండుగా చినిగిందని సువార్తల్లో ఉంటే, ఇక్కడ తెల్లవారేసరికి రాతి బల్ల రెండుగా పగులుతుంది. తిరిగి బతికిన అస్లాన్‌ని మొదట చూసేది ఇద్దరు అమ్మాయిలు. ఖాళీ సమాధి దగ్గరికి మొదట వెళ్లింది కూడా స్త్రీలే. నువ్వు దయ్యానివా అని అడగబోయి ఆగిపోయిన సూసన్ నుదురు నాకి, తన వెచ్చని ఊపిరి ఆమెకి తగలనిస్తాడు అస్లాన్. పునరుత్థానం తర్వాత శిష్యులు భూతాన్ని చూశామనుకుని జడుసుకుంటే, నన్ను ముట్టి చూడండి అన్నాడు యేసు. సింహాన్నే ఎంచుకోవడానికి కూడా మూలం బైబిల్లో దొరుకుతుంది. చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఆయనకి ‘యూదా గోత్రపు సింహం’ అన్న పేరుంది.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళతాను, నాకు చాలా ఇష్టమైన సంగతి కాబట్టి. ‘ఫిజియోలోగస్’ అని తొలి క్రైస్తవ శతాబ్దాల నాటి గ్రీకు పుస్తకం ఒకటుంది. జంతువుల గుణాలు చెప్పి, ఒక్కోదానికీ ఒక క్రైస్తవ అర్థం చెబుతుంది. సింహం పిల్లలు చచ్చి పుడతాయనీ, మూడో రోజున తండ్రి సింహం వచ్చి వాటి ముఖం మీద ఊదితే ప్రాణం వస్తుందనీ అందులో రాశారు. మధ్యయుగపు యూరప్‌లో ఈ కథ తెలియని చదువరి లేడు. ఇప్పుడు నార్నియా పదహారో అధ్యాయం చూడండి. మంత్రగత్తె రాళ్లుగా మార్చేసిన ప్రాణుల దగ్గరికి అస్లాన్ వెళ్లి, ఒక్కొక్కరి మీదా ఊపిరి ఊదుతాడు. రాతి మీద రంగు పాకి, ప్రాణం కదులుతుంది. ఈ కథ రాసిన సి.ఎస్. లూయిస్ వృత్తిరీత్యా మధ్యయుగ సాహిత్య పండితుడు. ఆయన కలం నుంచి ఈ దృశ్యం కాకతాళీయంగా వచ్చిందని నేను అనుకోలేను.

మరి ‘మాత్రకి బెల్లం’ సంగతి? అక్కడే మీ మరిదితో విభేదిస్తాను. బెల్లం వేరు, మాత్ర వేరు. బెల్లాన్ని గీకేసినా మాత్ర పనిచేస్తుంది. ఈ కథ అలా పుట్టలేదు. మంచు కురుస్తున్న అడవిలో గొడుగు పట్టుకుని, చేతిలో పొట్లాలతో నడుస్తున్న మేకకాళ్ల మనిషి బొమ్మ తన పదహారేళ్ల వయసు నుంచీ మనసులో ఉండిపోయిందనీ, నార్నియా అంతా అక్కణ్నుంచే మొదలైందనీ లూయిస్ రాసుకున్నాడు. పుస్తకం అచ్చయింది 1950లో, ఆయనకి యాభై దాటాక. పిల్లలకి క్రైస్తవం గురించి ఏం చెప్పాలా అని ముందు జాబితా వేసుకుని, దానికి సరిపడా కథ అల్లాననుకోవడం శుద్ధ తప్పని 1956లో ఒక వ్యాసంలో తేల్చి చెప్పాడు. మొదట బొమ్మలు వచ్చాయట. గొడుగు మనిషి, బండి మీద రాణి, గొప్ప సింహం. క్రైస్తవం తర్వాత తనంతట తానే వచ్చి చేరిందట.

అదే వ్యాసంలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని మీ దగ్గర దాచను. చిన్నప్పుడు దేవుడి గురించీ, క్రీస్తు పడ్డ బాధల గురించీ ‘నీకిలా అనిపించాలి’ అని పెద్దవాళ్లు చెప్పడం వల్లే తనకి ఏమీ అనిపించకుండా పోయిందట. గొంతు తగ్గించి మాట్లాడటం, బలవంతపు భక్తి, ఆదివారపు బడి పాఠాలు, ఇవన్నీ గుమ్మం దగ్గర కాపలా డ్రాగన్లలా కూర్చున్నాయట. ఆ విషయాలనే ఒక ఊహాలోకంలోకి మారిస్తే ఆ డ్రాగన్ల కన్నుగప్పి దాటిపోవచ్చు కదా అని తనకి తోచిందని రాశాడు. కాబట్టి ఉద్దేశం అసలు లేదనడం సరికాదు.

కానీ ఆ డ్రాగన్లు ఎవరి గుమ్మంలో ఉన్నాయో గమనించండి. క్రైస్తవ ఇంట్లో పుట్టి, సిలువ కథ వందసార్లు విని, మనసు మొద్దుబారిపోయిన పిల్లల గుమ్మంలో. లూయిస్ మనసులో ఉన్న పాఠకుడు అలాంటి పిల్లాడు, ఒకప్పటి తనలాంటివాడు. మీ పాపకి ఆ కథ తెలియదు, ఆ విసుగూ లేదు. తన దగ్గరికి చేరింది ఒకటే. తప్పు చేసిన ఎడ్మండ్ అనే పిల్లాడి కోసం, ఏ తప్పూ చేయని ఒకడు చనిపోవడం. ఆ సంగతికి పాప ఏడ్చింది. ఆ ఏడుపు ఏ మతంలో చేరడానికీ దరఖాస్తు కాదు.

దీనికి లూయిస్ జీవితమే నాకు పెద్ద ఆధారం. 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. 1908లో తల్లి పోయేనాటికి ఆయనకి మీ పాప వయసే, తొమ్మిదేళ్లు. అమ్మ బతకాలని ప్రార్థించాడు, ఆమె బతకలేదు. కొన్నేళ్లకి నాస్తికుడయ్యాడు. ఆ కాలమంతా ఆయన్ని కదిలించింది బాల్డర్ కథ. స్కాండినేవియా పురాణాల్లో అందరికీ ఇష్టుడై, అన్యాయంగా చచ్చిపోయే అందమైన దేవుడు బాల్డర్. చనిపోయే దేవుడి కథ వేరే పురాణాల్లో కనిపిస్తే గుండె ఉప్పొంగేది, సువార్తల్లో కనిపిస్తే చలనం ఉండేది కాదు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి ఆక్స్‌ఫర్డ్ మోడ్లిన్ కాలేజీ తోటలోని అడిసన్స్ వాక్ అనే దారిలో టోల్కీన్, హ్యూగో డైసన్ అనే ఇద్దరు మిత్రులతో ఆయన చర్చించింది ఇదే. క్రీస్తు కథ కూడా అలాంటి పురాణమే, కాకపోతే నిజంగా జరిగింది అన్నది వాళ్ల వాదన. కొద్ది రోజుల్లోనే ఆయన క్రైస్తవుడయ్యాడు.

ఇందులో మీకు పనికొచ్చేది ఏమిటంటే, బాల్డర్‌ని అంతగా ప్రేమించిన కుర్రాడు బాల్డర్ భక్తుడు కాలేదు. క్రైస్తవుడయ్యాక ఆ ప్రేమని వదులుకోనూ లేదు. నార్నియాలో గ్రీకు, రోమన్ పురాణాల నుంచి వచ్చిన ఫాన్లు (మేకకాళ్ల మనుషులు), సెంటార్లు (గుర్రపు ఒంటి మనుషులు), చివరికి మద్యదేవుడు బాకస్ కూడా తిరుగుతుంటారు. పరాయి దేవుళ్ల కథలతో పెరిగి, వాటిని గుండెల్లో పెట్టుకున్న మనిషి రాసిన పుస్తకమిది. ఆయనకి దక్కిన స్వేచ్ఛ మీ పాపకీ దక్కాలి. అస్లాన్‌ని ప్రేమిస్తూ తన ఇంటి నమ్మకంలోనే ఉండగలదు. పెద్దయ్యాక ఏ దారి ఎంచుకున్నా అది ఒక కథ చేసిన పని కాబోదు.

మీ స్నేహితురాలి సలహా ప్రేమతో ఇచ్చిందే. దాన్ని కూడా ఇప్పుడే అమలు చేయొద్దంటాను. సింహం అంటే ఫలానా, బల్ల అంటే ఫలానా, ఎడ్మండ్ అంటే ఫలానా అని చెప్పగానే పాప చూపు కథ మీంచి జారి జవాబుల పట్టీ మీద పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ పట్టీ సరైంది కూడా కాదు. జాన్ బన్యన్ 1678లో అచ్చు వేసిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’లో నాయకుడి పేరే క్రిస్టియన్, వాణ్ని పట్టి బంధించే రాక్షసుడి పేరు నిరాశ. అక్కడ ప్రతి పాత్రా ఒక భావానికి వేసిన వేషం. అస్లాన్ అలాంటివాడు కాదని లూయిస్ మళ్లీ మళ్లీ చెప్పాడు. 1954లో అమెరికాలోని ఒక బడి పిల్లలకి రాసిన ఉత్తరంలో తన పద్ధతి వివరించాడు. నార్నియా లాంటి లోకం ఒకటి ఉందనుకుందాం. మన లోకంలో మనిషైన దేవుని కుమారుడు అక్కడ సింహమయ్యాడనుకుందాం. అప్పుడు ఏం జరుగుతుంది? ఆ ఊహ ఎటు తీసుకెళితే కథ అటు వెళ్లింది. అందుకే తేడాలున్నాయి. సువార్తల్లో యేసు చనిపోయింది లోకం కోసం. అస్లాన్ చనిపోయింది మిఠాయికి ఆశపడి తోబుట్టువుల్ని మోసం చేసిన ఒక్క పిల్లాడి కోసం. మీ పాపని అంతగా తాకింది బహుశా అదే. తను కూడా ఎప్పుడో చిన్న ద్రోహం చేసి ఉంటుంది, పిల్లలందరూ చేస్తారు.

మీకు ధైర్యం కలగడానికి ఇంకో ఉత్తరం సంగతి. 1955లో ఒక క్రైస్తవ తల్లి దిగులుపడుతూ ఆయనకి రాసింది. తనకి యేసు కన్నా అస్లాన్ మీదే ప్రేమ ఎక్కువైందని ఆమె కొడుకు బాధపడుతున్నాడట, ఇది విగ్రహారాధన అవుతుందేమోనని భయం. మీకున్న భయానికి సరిగ్గా అవతలి ఒడ్డు. పిల్లవాడు అస్లాన్‌లో ప్రేమిస్తున్నవన్నీ యేసు నిజంగా చేసినవీ చెప్పినవీ కాబట్టి భయపడొద్దని లూయిస్ ఓదార్చాడు. మీకు ఆ జవాబు వర్తించదు. కానీ ఒకే సింహాన్ని చూసి రెండు ఒడ్లలో ఇద్దరు తల్లులు భయపడ్డారన్నది మాత్రం మనసులో ఉంచుకోండి.

అయితే ఎప్పటికీ చెప్పకుండా ఉండిపోవచ్చా? వద్దు. లారా మిల్లర్ అనే అమెరికన్ విమర్శకురాలు చిన్నప్పుడు నార్నియా అంటే ప్రాణం పెట్టింది. క్యాథలిక్ ఇంట్లో పెరిగి, మతమంటే గిట్టని పిల్ల ఆమె. ఆ కథల్లో క్రైస్తవం ఉందని కాస్త పెద్దయ్యాక మరోచోట చదివి తెలుసుకున్నప్పుడు తనని మోసం చేశారనిపించిందని 2008లో వచ్చిన తన పుస్తకం ‘ద మెజీషియన్స్ బుక్’లో రాసింది. తర్వాత ఎంతో కాలానికి మళ్లీ ఆ కథల దగ్గరికి చేరుకుంది. పిల్లల్ని గాయపరిచేది కథలో ఉన్న అర్థం కాదనీ, తమకి తప్ప అందరికీ తెలుసని హఠాత్తుగా తెలియడమనీ నాకు ఆమె పుస్తకం చూశాకే బలంగా అనిపించింది. అందుకే అడిగిన రోజు దాచొద్దన్నాను.

ఇప్పుడు పాప ప్రశ్న. ముందు కథలోంచే జవాబు చెప్పండి. అస్లాన్ ఎదురు తిరిగితే మంత్రగత్తె చచ్చేదేమో, ఎడ్మండ్ మాత్రం బతికేవాడు కాదు. ద్రోహం చేసినవాడి ప్రాణం మంత్రగత్తెది అన్నది ఆ లోకం పుట్టినప్పుడు రాసిపెట్టిన నియమం. దాన్ని కాదంటే నార్నియా మొత్తం నాశనమవుతుంది. అక్కడ పంజా బలం పనికిరాదు. అందుకని తనే వాడి స్థానంలో పడుకున్నాడు. మంత్రగత్తెకి తెలియని ఇంకా పాత నియమం ఒకటుంది. ఏ ద్రోహమూ ఎరగనివాడు ద్రోహి బదులు ఇష్టపూర్వకంగా చనిపోతే బల్ల పగిలి, చావే వెనక్కి నడుస్తుంది. ఇదంతా పదిహేనో అధ్యాయంలో ఉంది, మీరు నెమ్మదిగా చదివితే చాలు.

అది విన్నాక పాప బహుశా ఇంకో ప్రశ్న వేస్తుంది. “తిరిగి బతుకుతానని ముందే తెలుసా? తెలిస్తే ఆ రాత్రి అంత దిగులెందుకు?” దీనికి చటుక్కున జవాబు చెప్పకండి. గెత్సేమనే తోట విషయంలో పండితులే శతాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్న అది. నీకేమనిపిస్తోంది అని పాపనే అడిగి, ఏం చెప్పినా వినండి.

ఎప్పుడో ఒకప్పుడు, “ఇదంతా రాసినాయనకి ఎలా తోచింది?” అనో, “ఇది యేసు కథేనట కదా, బాబాయ్ అన్నాడు” అనో వస్తుంది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ కథ రాసినాయన క్రైస్తవుడు, క్రైస్తవులు నమ్మే దేవుడు మనుషుల కోసం ఇష్టపూర్వకంగా చనిపోయి మళ్లీ లేచాడు, అలాంటివాడు జంతువులు మాట్లాడే లోకానికి వెళితే ఎలా ఉంటుందని ఈయన ఊహించాడు, మనం ఆ మతం వాళ్లం కాకపోయినా ఈ కథ మనకి నచ్చింది. గొంతు మార్చకుండా, మామూలుగా చెప్పండి. మీ గొంతులో జంకు వినిపిస్తే పాప దాన్నే పట్టుకుంటుంది. యేసు అసలు కథ ఏమిటని అడిగితే మీ స్నేహితురాలినే పిలిచి చెప్పించండి. నమ్మకం ఉన్నవాళ్ల నోట వింటే దాని బలం తెలుస్తుంది, ఆమెకీ సంతోషం.

ఆ ప్రశ్న ఎక్కడ వస్తుందో దాదాపు ఊహించగలను. 1952లో వచ్చిన మూడో పుస్తకం ‘ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్’ చివర్లో ఒక గొర్రెపిల్ల ఒడ్డున చేపలు కాల్చి పిల్లలకి పెడుతుంది, చూస్తుండగానే అస్లాన్‌గా మారుతుంది. మీ లోకంలో నాకు మరో పేరుంది, ఆ పేరుతో నన్ను తెలుసుకోవడం నేర్చుకోవాలి, మిమ్మల్ని నార్నియాకి తీసుకొచ్చిందే అందుకు అంటాడు. ఏడు పుస్తకాల్లోనూ రచయిత ఉద్దేశం ఇంత బాహాటంగా కనిపించే చోటు మరొకటి లేదు. 1953లో ఒక అమ్మాయి, ఆ మరో పేరేమిటని లూయిస్‌కే ఉత్తరం రాసింది. ఆయన పేరు చెప్పలేదు. క్రిస్మస్ తాత వచ్చే వేళకే వచ్చినవాడు, గొప్ప చక్రవర్తి కొడుకునన్నవాడు, ఇంకొకరి తప్పుకి తనని తాను అప్పగించుకుని దుర్మార్గుల చేతిలో చచ్చి మళ్లీ లేచినవాడు, గొర్రెపిల్ల అని కూడా పిలిపించుకునేవాడు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారేమో ఆలోచించు అని రాశాడు. రచయితే అంత ఓపిగ్గా తలుపు దగ్గర నిలబడి చూశాడు. మనకి తొందరెందుకు?

అసలు నన్నడిగితే, సిలువ గుర్తుల కన్నా మీరు జాగ్రత్తగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. కలోర్మెన్ అనే దేశం వాళ్లని లూయిస్ నల్లటి ముఖాలతో, తలపాగాలతో, వంపు కత్తులతో, క్రూరమైన దేవుణ్ని కొలిచేవాళ్లుగా చిత్రించాడు. మంచివాళ్ల ఛాయ తెలుపు, చెడ్డవాళ్ల ఛాయ నలుపు అన్న భావన పిల్లల మనసులో కూర్చుంటుంది. ‘ద హార్స్ అండ్ హిజ్ బాయ్’లో ఆరవిస్ అనే కలోర్మెన్ అమ్మాయి ధైర్యవంతురాలు, మాట మీద నిలబడే మనిషి. అది కొంత ఊరట. అయినా ఈ సంగతి మాత్రం పాప అడిగేదాకా ఆగకండి, చదువుతున్నప్పుడే మాట్లాడండి.

చివరి పుస్తకం ‘ద లాస్ట్ బ్యాటిల్’ గురించి ఇంకాస్త చెప్పాలి. 1956లో వచ్చింది, బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం దానికే దక్కింది. నార్నియా అంతమవుతుంది. సూసన్ తప్ప మనకి అలవాటైన పిల్లలంతా రైలు ప్రమాదంలో చనిపోయారని చివర్లో తెలుస్తుంది, అది ఆనందకరమైన ముగింపుగా రాశాడు. పరలోకం మీద నమ్మకమున్న రచయితకి అది నిజంగానే ఆనందం. ఆ నమ్మకం లేని ఇంట్లో పిల్లకి అది పిడుగు. సూసన్‌కి అక్కడ చోటుండదు, లిప్‌స్టిక్కులూ పార్టీలూ తప్ప ఆమెకి ఏదీ పట్టడం లేదని ఒక పాత్ర తేలిగ్గా అనేస్తుంది. ఎదిగే ఆడపిల్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. సూసన్‌కి ఇంకా సమయం ఉంది, తన దారిలో తను చేరుకోవచ్చేమో అని లూయిస్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు గానీ పుస్తకంలో ఆ దయ లేదు.

అదే పుస్తకంలో ఎమెత్ అనే కలోర్మెన్ సైనికుడున్నాడు. జీవితమంతా టాష్ అనే పరాయి దేవుణ్ని నిజాయితీగా కొలిచాడు. అస్లాన్ ఎదురుపడగానే తనకి చావు తప్పదనుకుంటాడు. అస్లాన్ అతణ్ని దగ్గరికి తీసుకుని, టాష్ పేరుతో నువ్వు చేసిన మంచిని నాకు చేసిన సేవగానే లెక్కిస్తాను, నా పేరుతో ఎవరైనా క్రూరత్వం చేస్తే అది టాష్‌కే చెందుతుంది అంటాడు. మీ పాప లాంటి పాఠకురాలికి ఈ ఏడు పుస్తకాల్లో అన్నిటికన్నా దగ్గరగా వచ్చే పేజీ ఇదని నా అభిప్రాయం. ఆ ఔదార్యం నన్ను చదివిన ప్రతిసారీ కదిలిస్తుంది. అదే సమయంలో ఒక ప్రశ్న కూడా మిగులుతుంది. నా దేవుడి పేరుతో నేను చేసిన మంచి మరొకరి ఖాతాలోకి ఎందుకు వెళ్లాలి? ఎదిగిన పిల్ల ఆ ప్రశ్న అడిగితే సంతోషించండి.

మిగతా ఫాంటసీల సంగతి అడిగారు. అన్నిట్లో ఉండదు, చాలావాటిలో ఉంటుంది, ఒక్కోచోట ఒక్కోలా. లూయిస్ తన గురువుగా చెప్పుకున్న జార్జ్ మెక్‌డొనాల్డ్ స్కాట్లండ్‌కి చెందిన పాస్టరు. 1872 నాటి ఆయన ‘ద ప్రిన్సెస్ అండ్ ద గాబ్లిన్’లో రాకుమారికి ముత్తవ్వ కంటికి కనిపించని దారం ఇస్తుంది. దాన్ని వేలితో తడుముకుంటూ వెళితే అది అవ్వ దగ్గరికి కాకుండా చీకటి గనిలోకి తీసుకెళుతుంది, అయినా వదలకూడదు. దాన్ని విశ్వాసం అనుకోవచ్చు, అనుకోకపోయినా కథకి లోటు లేదు. టోల్కీన్ నిష్ఠ గల క్యాథలిక్. తన ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూలంలో క్యాథలిక్ రచన అని ఒక మిత్రుడికి రాశాడు గానీ అందులో గుడి లేదు, పూజారి లేడు. ఆ కథలోని దుష్ట ఉంగరం నాశనమయ్యేది మార్చి 25న అని అనుబంధంలో కనిపిస్తుంది, మేరీకి దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజది. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, అంతే. మడలిన్ లెంగిల్ రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ 1962లో వచ్చింది. చీకటితో పోరాడినవాళ్ల వరసలో యేసుతో పాటు గాంధీ, బుద్ధుడు, ఐన్‌స్టీన్ పేర్లున్నాయి, ఆ వరస చూసి నొచ్చుకున్నది కొందరు క్రైస్తవులే. హ్యారీ పోటర్‌ని మంత్రవిద్య పేరుతో బడి గ్రంథాలయాల్లోంచి తీసేయమన్నదీ చాలాచోట్ల వాళ్లే. 2007లో వచ్చిన ఆ కథల చివరి భాగంలో హ్యారీ తల్లిదండ్రుల సమాధి మీద ఉన్న వాక్యం, నాశనమయ్యే ఆఖరి శత్రువు మరణమన్నది, బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోది. ఆ పుస్తకంలో హ్యారీ కూడా ఎదురు తిరగకుండా అడవిలోకి నడిచి వెళతాడు. పాప అక్కడికి చేరేసరికి అస్లాన్ తనంతట తానే గుర్తొస్తాడు, మీరు చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికీ ఎదురు నిలిచేవాడు ఫిలిప్ పుల్‌మన్. 1995 నుంచి 2000 దాకా మూడు భాగాలుగా వచ్చిన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’లో ఆదాము హవ్వల కథనే తీసుకుని, జ్ఞానఫలం తినడమే మంచి పని అన్న వైపుకి తిప్పాడు, చర్చి అధికారంతో నేరుగా తలపడ్డాడు. నార్నియా మీద కటువుగా రాసినవాడు కూడా. మీ పాప పదమూడు పద్నాలుగేళ్లకి అది చదివితే బాగుంటుంది. నార్నియా చదివి ఉంటే దాని పదును ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక చదివే వరస. ఇప్పుడు అమ్మే సెట్లలో ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’కి ఒకటో నంబరు వేస్తున్నారు, నార్నియా పుట్టుక అందులో ఉందని. మీరు మొదలుపెట్టిన పుస్తకమే మొదటిది, అచ్చయిన వరసలోనే వెళ్లండి. అస్లాన్ పేరు తొలిసారి వినిపించినప్పుడు, అతనెవరో ఆ పిల్లలకి మీకన్నా ఎక్కువేమీ తెలియదని కథకుడు అంటాడు. ఆ మాట నిజం కావాలంటే పాప ఇలాగే రావాలి. సృష్టి కథ ఆరోది. ప్రాణాపాయంలో ఉన్న అమ్మ కోసం ఒక పిల్లాడు అస్లాన్‌ని వేడుకుని తలెత్తి చూస్తే, ఆ సింహం కళ్లల్లో తనకన్నా పెద్ద కన్నీళ్లు కనిపిస్తాయి. తొమ్మిదేళ్లకి అమ్మని పోగొట్టుకున్న మనిషి రాశాడని తెలిసి చదివితే మీకు గొంతు పట్టేస్తుంది, ఆ రాత్రి కొంచెం త్వరగా మొదలుపెట్టండి. ఏడోది మాత్రం పాపకి పన్నెండేళ్లు వచ్చేదాకా పక్కన పెట్టి, అప్పుడు కూడా ఒంటరిగా చదవనివ్వకుండా మీరు పక్కన కూర్చోండి.